ల్యాప్‌టాప్ వేడికి కూలింగ్ ప్యాడ్ కొనాలా? ముందు ల్యాప్‌టాప్‌ను తిరగేసి చూడండి

ఏప్రిల్ సగం దాటేసరికి విశాఖపట్నంలో ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారికి ఒకటే బాధ మొదలవుతుంది. కీబోర్డు పైభాగం చేయి పెట్టలేనంతగా కాలుతుంది, ఫ్యాన్ రొద ఆగదు, అప్పటిదాకా చకచకా సాగిన పని ఉన్నట్టుండి మందగిస్తుంది. మధురవాడలో ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవారైనా, గాజువాక హాస్టల్ గదిలో ప్రాజెక్టుతో కుస్తీ పడుతున్న ఇంజినీరింగ్ విద్యార్థులైనా అప్పుడు మొదట ఆలోచించేది కూలింగ్ ప్యాడ్ గురించే, అంటే ల్యాప్‌టాప్ కింద పెట్టుకునే ఫ్యాన్ల పీట గురించే. ద్వారకానగర్‌లోని కంప్యూటర్ దుకాణానికి వెళ్లి అడిగితే నాలుగైదు రకాలు తీసి బల్ల మీద పెడతారు. వాటిలో నీలం లైట్లు ఎక్కువ వెలిగేదే మేలైనదన్నట్లు చూపిస్తారు. ఆ ప్యాడ్ మీ ల్యాప్‌టాప్‌కు పనికొస్తుందా లేదా అన్నది మాత్రం లైట్లను బట్టి గానీ, ఫ్యాన్ల సంఖ్యను బట్టి గానీ తేలేది కాదు.

ముందే సూటిగా చెప్పేస్తాను. అడుగున గాలి పీల్చుకునే చిల్లులు ఉండి, బాగా వేడెక్కే గేమింగ్ తరహా ల్యాప్‌టాప్‌కు మామూలు ప్యాడ్ వల్ల కొన్ని డిగ్రీల మేలు జరుగుతుంది. అడుగు మూసి ఉన్న మోడల్‌కు లోపలి ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాదు, చేతికి తగిలే వేడి మాత్రం కొంత తగ్గుతుంది. లోపల దుమ్ము పేరుకుని గాలి ఆడని యంత్రాన్ని ఏ ప్యాడూ బాగు చేయలేదు. ఈ మూడింటిలో మీది ఏ రకమో రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

వేడి బయటికి పోయే దారి

ప్రాసెసర్‌లోనూ గ్రాఫిక్స్ చిప్‌లోనూ పుట్టిన వేడి ముందుగా థర్మల్ పేస్ట్ అనే పల్చటి పూత గుండా రాగి పలకకు చేరుతుంది. ఆ పలకకు అతికించిన రాగి గొట్టాల్లో కొద్దిపాటి ద్రవం ఉంటుంది. అది వేడి కొసన ఆవిరై, చల్లని కొసన మళ్లీ ద్రవంగా మారి, గొట్టం లోపలి గోడల వెంట వెనక్కి ఇంకుతూ, వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తూ ఉంటుంది. గొట్టాల చివర సన్నని రేకులు దగ్గర దగ్గరగా నిలబెట్టి ఉంటాయి. లోపలి ఫ్యాన్ సాధారణంగా అడుగు వైపు నుంచి గాలిని లాగి, ఆ రేకుల మధ్యగా తోసి, వెనక గానీ పక్కన గానీ ఉన్న సందుల్లోంచి బయటికి పంపుతుంది. సన్నని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ 15 వాట్ల చుట్టుపక్కల నడిచేలా తయారవుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఒక్కటే 45 వాట్లు, దానికి తోడు గ్రాఫిక్స్ చిప్ 100 వాట్లకు పైగా కూడా తీసుకోవచ్చు. అంత వేడీ ఆ బెత్తెడు రేకుల సందుల్లోంచే పోవాలి.

కూలింగ్ ప్యాడ్ గాలి చిప్‌ను ఎక్కడా తాకదు. అది చేయగలిగిందల్లా లోపలి ఫ్యాన్‌కు ధారాళంగా గాలి అందించడం, అడుగు రేకును పైపైన చల్లబరచడం. అడుగున చిల్లులే లేకపోతే, కిటికీలన్నీ బిగించిన గదికి బయట ఫ్యాన్ పెట్టి తిప్పినంత ఫలితమే దక్కుతుంది.

ప్యాడ్ ఊదేది గదిలోని గాలినే అన్న సంగతి కూడా చాలామంది మరచిపోతారు. మే నెలలో మన ఊరిలో పగటి వేడి 35 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, రాత్రి కూడా 27, 28కి మించి దిగదు. పని అంతే ఉండి గది గాలి ఒక డిగ్రీ పెరిగితే లోపలి చిప్ వేడి కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. కాబట్టి 34 డిగ్రీల గదిని ఏసీతో 26కు దించితే చిప్‌కు దాదాపు ఎనిమిది డిగ్రీల ఊరట దొరుకుతుంది. వెయ్యి రూపాయల ప్యాడ్ నుంచి అంత ఆశించడం కష్టం. సీలింగ్ ఫ్యాన్ సంగతి వేరు. అది గాలిని కదిలిస్తుందే గానీ చల్లబరచదు. ఒంటి చెమట ఆరి మనకు హాయిగా అనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌కు చెమట పట్టదు కదా.

తిరగేసి చూడవలసినవి

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, మెత్తటి తువ్వాలు మీద బోర్లించండి. స్లీప్‌లో పెట్టి మూత వేయడం చాలదు. ఇప్పుడు అడుగు భాగంలో జల్లెడలాంటి చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. కనిపించిన ప్రతి జల్లెడా నిజమైనది కాదు. ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టుకుని ఒక్కో వరుసలోకి వెలుగు పంపితే అసలు గుట్టు తెలుస్తుంది: కొన్ని చోట్ల ఫ్యాన్ రెక్కలు మెరుస్తూ కనిపిస్తాయి, కొన్ని చోట్ల చిల్లులకు వెనక నల్లటి ప్లాస్టిక్ పొర అడ్డంగా ఉంటుంది. అడుగంతా చారలు గీసినట్లు అందంగా ఉన్న మోడళ్లలో గాలి నిజంగా వెళ్లే చోటు రెండు అరచేతులంత కూడా ఉండకపోవచ్చు. ఫ్యాన్ రెక్కలు కనిపించిన చోట్లను ఒక కాగితం మీద బొమ్మ గీసి, అంచుల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయో రాసుకోండి. ప్యాడ్ కొనేటప్పుడు దాని ఫ్యాన్లు ఆ చోట్లకు సరిగ్గా కింద ఉంటాయా లేదా అని చూసుకోవడానికి ఆ బొమ్మే ఆధారం.

తరువాత రబ్బరు కాళ్ల ఎత్తు చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అవి రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. బల్ల మీద గాలికి దొరికే సందు అంతే. వాడి వాడి ఒక కాలు ఊడిపోయి ఉంటే ఆ మూల బల్లకు అంటుకుపోయి గాలి మరింత తగ్గుతుంది. అలాంటప్పుడు కొత్త రబ్బరు కాళ్లు అతికించడమే మొదటి వైద్యం. వేడి గాలి బయటికి వచ్చే సందులు వెనక ఉన్నాయా, పక్కన ఉన్నాయా, తెర మడత దగ్గర ఉన్నాయా అన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ సందులకు గోడ, పుస్తకాల దొంతర, కర్టెన్ అడ్డు వస్తే బయటికి వచ్చిన వేడి గాలే తిరిగి లోపలికి చేరుతుంది.

కొన్ని మోడళ్లకు అసలు ఫ్యానే ఉండదు. 2020 చివరలో ఎం1 చిప్‌తో వచ్చిన మోడల్ మొదలుకొని మ్యాక్‌బుక్ ఎయిర్ అంతా అలాంటిదే. దాని వేడి లోహపు ఒంటి గుండానే బయటికి పోవాలి, కాబట్టి చాలాసేపు సాగే బరువైన పనిలో కింద గాలి ఆడితే కొంచెం ఉపకారం ఉంటుంది. బ్రౌజర్, వర్డ్, వీడియో కాల్‌లకు ఆ అవసరమే రాదు.

మూతల పరీక్ష

ప్యాడ్ వల్ల వచ్చే మేలులో సగానికి సగం ఫ్యాన్ల వల్ల కాక, ల్యాప్‌టాప్ వెనక భాగం పైకి లేవడం వల్లే వస్తుందని నా గట్టి అభిప్రాయం. దీన్ని పరీక్షించడానికి ఒకే ఎత్తున్న ప్లాస్టిక్ సీసా మూతలు రెండు చాలు. చిల్లులకు అడ్డం రాకుండా వెనక రెండు మూలల కింద ఒక్కొక్కటి పెట్టండి. మూత జారుతున్నట్లనిపిస్తే పెన్సిల్ రబ్బర్లు వాడండి.

పరీక్షకు ఉష్ణోగ్రత చూపే సాఫ్ట్‌వేర్ కావాలి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది, కావలసిన వివరాలన్నీ చూపిస్తుంది. లైనక్స్‌లో ఎల్‌ఎమ్-సెన్సర్స్ ఉంది. దీనితోపాటు యంత్రాన్ని ఒకే తీరున కష్టపెట్టే పని ఒకటి ఎంచుకోవాలి: సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల పరీక్ష ఉంది, దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నడిపితే సరిపోతుంది. మీ అసలు ఇబ్బంది ఆటలోనో వీడియో ఎడిటింగ్‌లోనో అయితే, అదే ఆటలో అదే సన్నివేశాన్ని, లేదా అదే వీడియో ఎగుమతిని వాడడం ఇంకా మంచిది. నాలుగు నిమిషాలు చూసి తీర్పు ఇవ్వకండి. రాగి, అల్యూమినియం, బ్యాటరీ, అడుగు రేకు అన్నీ వేడెక్కి అంకె ఒకచోట నిలబడేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది.

ఒకసారి బల్ల మీద మామూలుగా పెట్టి, ఒకసారి మూతల మీద పెట్టి పరీక్ష నడపండి. రెండుసార్లూ ఛార్జర్ పెట్టే ఉండాలి, పవర్ మోడ్ ఒక్కటే ఉండాలి, ఏసీ ఉంటే రెండుసార్లూ ఉండాలి, లేకపోతే రెండుసార్లూ ఉండకూడదు. మధ్యాహ్నం ఒకటి, సముద్రపు గాలి తిరిగాక సాయంత్రం ఒకటి చేసి పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. గది వేడిలో వచ్చిన తేడాను మూతల ఖాతాలో వేసుకున్నవారవుతారు. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి బల్ల దగ్గర ఉంచి, చిప్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి ఆ మిగులును రాసుకుంటే, చిప్ తన వేడి హద్దును (దాని సంగతి కింద చూద్దాం) తాకనంతవరకు ఏ పూట చేసిన పరీక్షలనైనా పోల్చుకోవచ్చు.

మూతల మీద పెట్టినప్పుడు స్పష్టమైన తేడా కనిపిస్తే మీ యంత్రం కింద నుంచి గాలి కోసం ఆరాటపడుతోందని అర్థం, ప్యాడ్ వల్ల ఇంకొంత మేలు జరిగే అవకాశం ఉంది. ఏ తేడా రాకపోతే అవరోధం కింద లేదు, లోపల ఉంది. అప్పుడు ప్యాడ్ మీద డబ్బు పెట్టడానికి నేనైతే తొందరపడను.

అంకెలను ఎలా చదవాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం. ప్రాసెసర్లు ఒక హద్దు దాకా వేడెక్కి, ఆపైన తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఆ హద్దు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో సాధారణంగా 95 లేదా 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. హద్దును తాకిన యంత్రంలో ఉష్ణోగ్రత అంకె పెరగదు, తగ్గదు. వేగం మాత్రం మారుతుంది. మూతలు లేనప్పుడు 95 డిగ్రీల దగ్గర 2.6 గిగాహెర్ట్జ్ వేగం, మూతలతో అదే 95 డిగ్రీల దగ్గర 2.9 గిగాహెర్ట్జ్ వేగం వచ్చాయనుకుందాం. ఉష్ణోగ్రత ఒక్కటే చూసేవారు తేడా ఏమీ లేదని తీసిపారేస్తారు. నిజానికి అక్కడ మంచి తేడా ఉంది: చల్లదనం ఎంత పెరిగితే ప్రాసెసర్ అంత ఎక్కువ కరెంటు తీసుకుని, అంత వేగంగా పరిగెత్తి, మళ్లీ అదే హద్దుకు చేరుకుంది.

అందువల్ల హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మూడు వరుసలు కలిపి చూడాలి: సీపీయూ (అంటే ప్రాసెసర్) ప్యాకేజీ ఉష్ణోగ్రత, సీపీయూ ప్యాకేజీ పవర్ అనే వాట్లు, కోర్ల గడియార వేగం. చాలా ఇంటెల్ యంత్రాల్లో దీనికి తోడు థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) అనే వరుసలో అవును, కాదు అని కూడా చూపిస్తుంది. వాట్లు పెరిగి ఉష్ణోగ్రత అలాగే ఉన్నా మేలే, వాట్లు అలాగే ఉండి ఉష్ణోగ్రత తగ్గినా మేలే. రెండూ కదలకపోతే మాత్రం ఏమీ జరగనట్లే. ఆటలు ఆడేవారు గ్రాఫిక్స్ చిప్ వరుసలను కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే చాలా మోడళ్లలో రెండు చిప్‌ల మీదుగా ఒకే రాగి గొట్టాలు పోతాయి, ఒకటి కాగితే రెండోదీ కాగుతుంది.

ఇంకో సంగతి. 85 డిగ్రీల అంకె చూసి గాబరా పడనవసరం లేదు. బరువైన పనిలో ఆ వేడి తట్టుకునేలాగే వాటిని తయారు చేస్తారు. ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా 70 దాటుతోందంటే ఆలోచించాలి. ముందుగా టాస్క్ మేనేజర్ తెరిచి వెనకాల ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను తినేస్తోందో చూడాలి. నలభై ట్యాబ్‌లు తెరిచిన బ్రౌజర్‌కు కూలింగ్ ప్యాడ్ మందు కాదు.

డబ్బు పెట్టే ముందు చేయవలసిన పనులు

అన్నిటికంటే ముందు దుమ్ము. రెండేళ్లు దాటిన ల్యాప్‌టాప్ అడుగు రేకు విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కల మీద కనిపించే దుమ్ము పెద్దదేమీ కాదు. అసలు శత్రువు ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దాగి ఉంటుంది. ఫ్యాన్ పైకప్పు తీస్తే, రేకుల ముఖానికి అతుక్కుని, బట్టల నూలు, తలవెంట్రుకలు, ధూళి కలిసి అల్లుకున్న బూడిదరంగు పొర ఒకటి కనిపిస్తుంది. ట్వీజర్‌తో ఒక కొస పట్టుకుని లాగితే అది గుడ్డపీలికలా మొత్తం ఒకేసారి ఊడి వస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం కింద ఎంత గాలి ఊదినా బయటికి పోయే దారి లేదు. పోర్టుకు దగ్గరగా ఉన్న వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్లలో కిటికీ గట్ల మీద పేరుకునే నల్లటి ధూళి గురించి విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు; ఆ ప్రాంతాల్లో ఉండేవారు ఏడాదికొకసారైనా లోపల శుభ్రం చేయించుకోవడం మంచిది. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో ఉప్పుగాలి మరో తలనొప్పి: అది యూఎస్‌బీ పోర్టులను, లోహపు భాగాలను తుప్పు పట్టిస్తుంది, తేమతో కలిసి దుమ్మును జిగటగా మారుస్తుంది.

వారంటీలో ఉన్న యంత్రాన్ని సొంతంగా విప్పకండి, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. వారంటీ దాటినదైతే, పని తెలిసినవారు బ్యాటరీ కనెక్టర్ తీసేసిన తరువాతే లోపల చేయి పెట్టాలి. గాలి ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో పట్టి ఆపాలి. గాలి దెబ్బకు అది హద్దు మీరి తిరిగితే బేరింగ్ పాడవుతుంది. బండి షెడ్డులోని ఎయిర్ కంప్రెసర్ వాడకం మానుకోవాలి, దాని గాలిలో నీరు, నూనె కలిసి వస్తాయి. మూడు నాలుగేళ్ల యంత్రమైతే అదే సమయంలో థర్మల్ పేస్ట్ కూడా మార్పించవచ్చు. అయితే కొన్ని ఖరీదైన గేమింగ్ మోడళ్లలో పేస్ట్‌కు బదులు లిక్విడ్ మెటల్ వాడతారు. అది విద్యుత్తును ప్రసరింపజేసే ద్రవ లోహం, మదర్‌బోర్డు మీద చుక్క పడినా షార్ట్ అవుతుంది. అలాంటివి అనుభవం లేనివారి చేతికి ఇవ్వకూడదు.

రెండోది సెట్టింగ్. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అన్నచోట 100 శాతాన్ని 99 చేయండి. చాలా యంత్రాల్లో ఈ ఒక్క అంకెతో టర్బో వేగం, అంటే ప్రాసెసర్ మామూలును మించి పరిగెత్తే అదనపు వేగం, ఆగిపోతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలకు పైగా కూడా దిగవచ్చు. వేగం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఎక్సెల్, కోడింగ్, ఆన్‌లైన్ క్లాసుల వంటి పనుల్లో ఆ తగ్గుదల చాలామందికి తెలియదు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ గడి కనిపించదు. వాటిలో తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో క్వయట్ లేదా బ్యాలెన్స్‌డ్ మోడ్ ఎంచుకుంటే ఇంచుమించు అదే ఫలితం వస్తుంది. ఆటలు ఆడేవారు సెకనుకు తెర మీద మారే ఫ్రేమ్‌ల సంఖ్యను 60 దగ్గర కట్టేస్తే గ్రాఫిక్స్ చిప్ అనవసరపు శ్రమ మానుకుంటుంది. వేడిని పుట్టించి తరువాత ఊదడం కంటే పుట్టకుండా చూడడం చవక.

మూడోది చోటు. మంచం, దిండు, సోఫా మీద పెట్టి వాడితే చిల్లులు మూసుకుపోతాయి. అలవాటు మానలేనివారు కనీసం పెద్ద స్టీలు పళ్లెమో, చెక్క పీటో కింద పెట్టుకోవాలి.

ప్యాడ్ ఎంచుకునేటప్పుడు

ఇంత చేసినా వేడి తగ్గక, మూతల పరీక్షలో తేడా కనిపించినవారు ప్యాడ్ కొనవచ్చు. బజారులో ప్రధానంగా రెండు జాతులున్నాయి. వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరికే మామూలు ప్యాడ్‌లో జల్లెడ కింద ఫ్యాన్లు తెరిచి ఉంటాయి. వాటి గాలిలో చాలా భాగం ల్యాప్‌టాప్ అడుగున తగిలి పక్కలకు జారిపోతుంది. ఇందులో ఐదారు చిన్న ఫ్యాన్లున్న దానికంటే మీరు గీసుకున్న బొమ్మకు సరిగ్గా కింద వచ్చే ఒకటి రెండు పెద్ద ఫ్యాన్లున్నది మేలు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలి ఇస్తుంది, రొద తక్కువ. ఫ్యాన్లు గాలిని పైకి ఊదుతున్నాయో కిందికి లాగుతున్నాయో సన్నని టిష్యూ కాగితం ముక్కను పైన పట్టుకుని చూడండి. కిందికి లాగే ప్యాడ్ పెడితే అది లోపలి ఫ్యాన్‌తో పోట్లాడుతుంది.

రెండో జాతి ఫోమ్ అంచున్న ప్యాడ్. దాని చుట్టూ మెత్తటి ఫోమ్ కట్టు ఉంటుంది. ల్యాప్‌టాప్ దాని మీద కూర్చోగానే పక్క సందులు మూసుకుపోయి, కింద ఉన్న బలమైన బ్లోయర్ గాలికి అడుగు చిల్లుల్లోకి తప్ప మరో దారి ఉండదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇవి పది డిగ్రీలకు పైగా దించడం మామూలే. ధర మామూలు వాటికి అనేక రెట్లు ఉంటుంది, పూర్తి వేగంలో రొద పక్క గదికి వినిపిస్తుంది, విడిగా అడాప్టర్ కావాలి. వసతిగృహంలో మరొకరితో గది పంచుకునేవారు కొనే ముందు ఆ రొద గురించి ఆలోచించుకోవాలి. బయటి దుమ్మును కూడా ఇవి బలవంతంగా లోపలికి తోస్తాయి, కాబట్టి తీసి కడుక్కోగల ఫిల్టర్ ఉన్నదే ఎంచుకోండి; మన ధూళికి దాన్ని వారానికొకసారి కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. ఫోమ్ అంచు గాలి పీల్చే చిల్లులను చుట్టుముట్టాలి గానీ వేడి గాలి బయటికి వచ్చే సందులను మూయకూడదు.

దుకాణానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి ప్యాడ్ మీద పెట్టి చూడండి. రబ్బరు కాళ్లు అంచు మీద నిలుస్తున్నాయా, వాలుగా ఉంచినప్పుడు జారకుండా ఆపే పట్టీ పవర్ కేబుల్‌కు అడ్డొస్తోందా అన్నవి ప్యాడ్ ఫొటోలో తెలియవు. మామూలు ప్యాడ్‌కు కరెంటు యూఎస్‌బీ పోర్టు నుంచే వస్తుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు మాత్రమే. ల్యాప్‌టాప్ పోర్టును దీనికి ఖర్చు చేయకుండా పాత ఫోన్ ఛార్జర్‌కు తగిలిస్తే సరిపోతుంది. ఇంటికి తెచ్చాక మూతల పరీక్షనే మళ్లీ చేయండి: ఒకసారి ప్యాడ్ ఫ్యాన్లు ఆపి, ఒకసారి నడిపి. రెండింటికీ తేడా లేకపోతే, గడువు దాటకముందే దాన్ని వెనక్కిచ్చి, ఫ్యాన్లు లేని మామూలు అల్యూమినియం స్టాండ్ కొనుక్కోండి. అది రొద చేయదు, పాడవదు.

తేమ ఉన్న ఊరిలో చేయకూడనివి

వేసవిలో కొందరు ఫ్రీజర్‌లోని ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి ల్యాప్‌టాప్ కింద పెడుతుంటారు. సముద్రం పక్కన ఉన్న ఊరిలో ఇది ప్రమాదం. గదిలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నప్పుడు 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి ఉపరితలం మీదా గాలిలోని తేమ నీటి బిందువులుగా పేరుకుంటుంది. ఐస్ ప్యాక్ ఉన్న చోట అడుగు రేకు లోపలి వైపు కూడా చెమర్చవచ్చు, అక్కడ మదర్‌బోర్డు ఉంటుంది. కరెంటు పారితే ఒక వైపు చల్లబడే పెల్టియర్ పలకతో గాలిని గది కంటే చల్లబరుస్తామని చెప్పే కూలర్లకూ ఇదే అభ్యంతరం. ఏసీ కారులో చాలాసేపు ఉన్న ల్యాప్‌టాప్‌ను బయటికి తెచ్చిన వెంటనే ఆన్ చేయకుండా సంచిలోనే అరగంట ఉంచడం కూడా ఈ కారణం వల్లే మంచిది. ఎయిర్ కూలర్‌ను దగ్గర పెట్టుకుని దాని తడిగాలి ల్యాప్‌టాప్ మీదికి తిప్పుకోవడం మరో పొరపాటు.

ప్యాడ్‌తో సరిపెట్టుకోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఫ్యాన్ గరగరలాడుతున్నా, ఎంత పని ఇచ్చినా తిరిగే చప్పుడే రాకపోయినా ఫ్యాన్‌నే మార్పించాలి. పని మధ్యలో హెచ్చరిక లేకుండా ల్యాప్‌టాప్ ఆరిపోతుంటే హీట్‌సింక్ (ఆ రాగి పలక, గొట్టాలు, రేకుల అమరిక) మరలు వదులయ్యాయేమో, పేస్ట్ ఎండిపోయిందేమో చూపించాలి. టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా లేచినా, అడుగు రేకు బల్ల మీద సమంగా కూర్చోకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించి, వెంటనే ఛార్జర్ తీసి, యంత్రాన్ని ఆపేసి సర్వీస్‌కు తీసుకెళ్లాలి. లోపలికి నొక్కడం, సూదితో గుచ్చడం వంటివి మంటలకు దారితీస్తాయి. లిథియం బ్యాటరీలు వేడికి త్వరగా ముసలివవుతాయి కాబట్టి, రోజంతా ఛార్జర్ పెట్టే వాడేవారు తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్ పరిమితిని 80 శాతం దగ్గర ఆపుకోవడం మంచిది.